నాన్న చివరి చూపు పాడైపోయిందన్న బాధ నుంచి బయటపడటం ఎలా?

మీరు రాసిన ఒక్కో విషయానికి విడిగా జవాబు చెప్పాలి కాబట్టి, ముందు వాటిని క్లుప్తంగా చెప్పుకుంటాను. నాన్నగారు కొన్ని వారాలు ఐసీయూలో ఉండి, మూడు నెలల క్రితం పోయారు. తర్వాతి పనులన్నీ ఒక ఫ్యూనరల్ హోమ్‌కి, అంటే అంత్యక్రియల ఏర్పాట్లు చూసే సంస్థకి అప్పగించారు. చివరి చూపుకి లోపలికి వెళ్లేసరికి ఆయన మీసం తీసేసి ఉంది, కళ్లజోడు లేదు, ముఖానికి మందంగా మేకప్ వేసి ఉంది. పంచిన కార్డులో నాన్నగారి పేరు తప్పు పడింది. మీకిచ్చిన టైమ్ ఇంకా మిగిలుండగానే ఒకతను వచ్చి, తర్వాతి కుటుంబం బయట వెయిట్ చేస్తోందన్నాడు. చేతి గడియారం మీకు తిరిగి రాలేదు. బిల్లులో మీరు అడగనివి కూడా వేశారు. వాళ్లిచ్చిన చితాభస్మం నిజంగా నాన్నదేనా అని రాత్రిళ్లు అనుమానం వస్తోంది. కళ్లు మూసుకుంటే ఆ రోజు చూసిన ముఖమే కనిపిస్తోంది. ఆ చోటును ఎంచింది నేనే కదా అని మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారు. అన్నయ్యేమో "అయిపోయింది కదా, వదిలెయ్" అంటున్నారు.

నేను చాలా ఏళ్లు ఫ్యూనరల్ హోమ్‌లో పనిచేశాను. లోపల భౌతికకాయాన్ని సిద్ధం చేసే పని, బయట కుటుంబాలతో మాట్లాడే పని రెండూ చేశాను. తర్వాత అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు కౌన్సెలింగ్ ఇచ్చే పనిలోకి వచ్చాను. "నాన్న పోయినందుకు ఏడుస్తున్నానా, ఆ రోజు అలా జరిగినందుకు ఏడుస్తున్నానా, నాకే తెలియట్లేదు" అని మీలాగే చాలామంది నా ఎదుట కూర్చుని అన్నారు. నేను చెప్పబోయేదంతా ఈ రెండింటినీ విడదీయడం గురించే. ఫ్యూనరల్ హోమ్‌తో మీరు తేల్చుకోవాల్సిన లెక్క ఒకటుంది. నాన్నగారి కోసం పడాల్సిన దుఃఖం వేరే ఉంది. మొదటిది తేలేదాకా రెండోది ఆగకూడదు. వాళ్లు తప్పు ఒప్పుకుంటే గానీ నాన్నకు వీడ్కోలు పూర్తికాదని మనసులో పెట్టుకుంటే, ఆయన విషయంలో ఆఖరి మాట వాళ్ల చేతిలో పెట్టినట్టవుతుంది. వాళ్లకు ఆ అర్హత లేదు.

ముందుగా ఒక మాట. మీ బాధ అతి కాదు. మనిషే పోయాక మీసం గురించి ఏడవడమేంటని చుట్టూ ఉన్నవాళ్లు పైకి అనకపోయినా లోపల అనుకుంటారు. అది మీకు తెలుస్తుంది కాబట్టి మీరు కూడా చెప్పడం మానేస్తారు. చుట్టుపక్కలవాళ్లు దుఃఖంగా గుర్తించని, నలుగురిలో చెప్పుకునే వీలివ్వని ఇలాంటి బాధ గురించి కెన్నెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు 1989లోనే రాశారు. మామూలుగా ఏ పని చెడినా మళ్లీ చేయించుకునే వీలుంటుంది. దీనికి ఆ వీలు లేదు. కన్నతండ్రిని ఆఖరిసారి చూసే అరగంటని పరాయివాళ్లు నిర్లక్ష్యంగా పాడుచేస్తే కడుపు మండటం సహజం. "కోపం దుఃఖంలో ఒక దశ, అదే పోతుంది" అని ఎవరైనా సర్దిచెప్పబోతే పట్టించుకోకండి. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే మనోవైద్యురాలు 1969లో చెప్పిన ఆ అయిదు దశలు, మరణానికి దగ్గరపడిన రోగులతో మాట్లాడి ఆవిడ గమనించినవి. తర్వాత జనం వాటిని అందరి దుఃఖానికీ తగిలించేశారు. పైగా మీ కోపానికి కళ్లెదుట కారణం ఉంది.

ఇక ఆ ముఖం సంగతి. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. లోపల ఏం జరుగుతుందో ఎవరూ కుటుంబాలకు చెప్పరు. తెలియకపోవడం వల్ల ప్రతిదీ అవమానంలాగే కనిపిస్తుంది. అందులో కొంత వాళ్ల తప్పు, కొంత ఎవరి తప్పూ కాదు.

మీసం తీసేయడం వాళ్ల తప్పే. చర్మం మీద గరుకు వెంట్రుకలుంటే మేకప్ సరిగ్గా అంటదు, మచ్చలుమచ్చలుగా తేలుతుంది. అందుకే సిద్ధం చేసేటప్పుడు ముఖమంతా గీస్తారు. ఆడవాళ్ల ముఖం మీది సన్నని నూగును కూడా తీస్తారు. అయితే మీసమో గడ్డమో ఉన్న మనిషైతే కత్తి పట్టుకునే ముందు కుటుంబాన్ని అడగాలి. పనిలో చేరిన కొత్తలోనే నేర్పే సంగతి ఇది. ఐసీయూలో వారాల తరబడి ఉన్నవాళ్లకు గడ్డం అడ్డదిడ్డంగా పెరిగి ఉంటుంది, గొట్టాలు పెట్టడం కోసం ఆసుపత్రిలోనే కొంత గీసి ఉండొచ్చు కూడా. కాబట్టి ఇది ఏళ్లుగా పెంచుకున్న మీసమో కాదో చూసి చెప్పడం కష్టం. కష్టం కాబట్టే అడగాలి, ఫొటో తెప్పించుకోవాలి. తీసేశామని తెలిశాక కూడా చేయగలిగింది ఉంది. పై పెదవి మీద వెంట్రుకలు అతికించి మీసం తీర్చడం ఈ పనిలో తెలిసిన విద్యే. అదీ చేతకాకపోతే మీరు లోపలికి రాకముందే మిమ్మల్ని పక్కకు పిలిచి, జరిగింది చెప్పి, క్షమాపణ అడగాలి. వాళ్లు ఇవేవీ చేయలేదు. ఫొటో ఇచ్చానో లేదో గుర్తులేదని రాశారు. ఇవ్వకపోయినా తప్పు మీది కాదు, అడగాల్సిన బాధ్యత వాళ్లది.

కళ్లజోడు కూడా అంతే. "రోజూ కళ్లజోడు పెట్టుకునేవారా?" అన్న ఒక్క ప్రశ్నతో పోయే పని.

కానీ ముఖమే వేరేగా ఉంది, ఎవరో పరాయి మనిషిలా ఉన్నారు అన్నారు చూడండి, అందులో చాలా భాగం ఎవరి చేతుల్లోనూ లేనిది. బతికున్న మనిషి ముఖం ఎప్పుడూ నిశ్చలంగా ఉండదు. నిద్రలో కూడా కండరాల్లో కొంత బిగువుంటుంది. అది పోయాక బుగ్గలు, దవడ కింది చర్మం చెవుల వైపు జారతాయి. ముడతలు తగ్గుతాయి, మనకు అలవాటైన గీతలు కనిపించవు. మనం నాన్నని ఎప్పుడూ నిలబడి ఉండగానో కూర్చుని ఉండగానో చూసి ఉంటాం. వెల్లకిలా పడుకోబెట్టి, పై నుంచి చూసే ఆ కోణమే మనకు కొత్త. నోరు దానంతటది మూసుకుని ఉండదు. లోపలి నుంచి కుట్టుతోనో సన్నని తీగతోనో మూస్తారు. పెదవుల గీత ఒక్క వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా మనిషి మారిపోయినట్టుంటాడు. ఐసీయూలో ఎక్కించిన సెలైన్ల వల్ల ఒంట్లో నీరు చేరి ముఖం, చేతులు ఉబ్బుతాయి. చివర్లో కామెర్లు కూడా వచ్చాయని రాశారు. శరీరం పాడవకుండా రసాయనాలు ఎక్కించడాన్ని ఎంబామింగ్ అంటారు. దానికి వాడే ద్రావణంలో సాధారణంగా ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. అది కామెర్ల పసుపుకు కారణమైన బిలిరుబిన్‌ని బిలివెర్డిన్ అనే ఆకుపచ్చ పదార్థంగా మార్చేస్తుంది. అప్పుడు చర్మం ఆకుపచ్చగా తిరుగుతుంది. దాన్ని కప్పాలంటే మందంగా రంగు వేయక తప్పదు. అంటే మీరు చూసిన ఆ మందపాటి మేకప్ వెనక నిర్లక్ష్యమే ఉండి ఉండాలని లేదు. దాని కింద ఉన్నది మీ కంట పడకుండా ఎవరో ప్రయత్నించి ఉండొచ్చు. ఇదంతా వాళ్లను వెనకేసుకురావడానికి చెప్పట్లేదు. మీరు ఇవన్నీ కలిపి మీ నాన్నకు జరిగిన అవమానంగా మోస్తున్నారు. అందులో సగం బరువు జబ్బు పెట్టింది, మీ మీద అది అనవసరం.

తొందరపెట్టి బయటికి పంపడానికి మాత్రం సాకు లేదు. గదులు తక్కువ, ఒకే రోజు ఇద్దరు ముగ్గురికి టైమ్ ఇస్తారు, ఒకటి ఆలస్యమైతే మిగతావన్నీ వెనక్కి జరుగుతాయి. ఆ ఇబ్బంది వాళ్లది. ఏడుస్తున్న కూతురి ముందుకు దాన్ని తేకూడదు.

చితాభస్మం అనుమానానికి వద్దాం. కార్డులో పేరే తప్పు రాసినవాళ్లు లోపల ఏం చేశారో అని మనసు అటు పోతుంది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో పగలు ఈ మాట పైకి చెప్పేవాళ్లు తక్కువ. కార్డు మీద పేరు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు టైప్ చేస్తారు. భౌతికకాయం గుర్తింపు వేరే దారిలో నడుస్తుంది. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడే మణికట్టుకో కాలికో ట్యాగ్ ఉంటుంది. పద్ధతిగా నడిచే దహనశాలలో ఒక్కొక్కరికి నంబరు వేసిన చిన్న లోహపు బిళ్ల ఇస్తారు. అది శరీరంతో పాటే లోపలికి వెళ్తుంది. కొలిమిలో వేడి సుమారు 760 నుంచి 980 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది, రెండు మూడు గంటలు పడుతుంది. ఆ బిళ్ల కరగదు. అస్థికలను పొడి చేసిన తర్వాత భస్మంతో పాటు తిరిగి వస్తుంది. కాబట్టి ముందు మీ దగ్గరున్న పాత్రలోనో సంచిలోనో ఆ బిళ్ల ఉందేమో చూడండి. తర్వాత ఫ్యూనరల్ హోమ్‌ని రెండు కాగితాలు అడగండి: దహన ధ్రువపత్రం, శరీరం ఎప్పుడు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసిన రికార్డు. బిళ్ల మీది నంబరు, కాగితం మీది నంబరు ఒకటేనా చూసుకోండి. డీఎన్‌ఏ పరీక్ష చేయించొచ్చు కదా అంటారు కొందరు. అంత వేడిలో డీఎన్‌ఏ సాధారణంగా మిగలదు కాబట్టి ఆ దారిలో డబ్బు, మనశ్శాంతి పోగొట్టుకోకండి. ఒకసారి ఒకాయన ఆ నంబర్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని, వేలితో ఒక్కో అంకెనూ తాకుతూ పైకి చదివారు. చదవడం అయ్యాక అక్కడే టేబుల్ మీద తలపెట్టుకుని చాలాసేపు ఏడ్చారు. నాన్న కోసం ఏడవడం ఇదే మొదటిసారి అన్నారు. అప్పటిదాకా ఆయనకు అనుమానంతోనే సరిపోయింది.

"నేనే ఆ చోటు ఎంచుకున్నాను" అన్న మాట గురించి. మీరు ఎంచుకున్న క్షణం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. రాత్రంతా నిద్ర లేదు, ఆసుపత్రివాళ్లు శరీరాన్ని ఎప్పుడు తీసుకెళ్తారని అడుగుతున్నారు, ఎవరో ఒక పేరు చెప్పారు, ఫోన్ చేశారు. నాలుగు చోట్లకు వెళ్లి వివరాలు పోల్చుకుని నిర్ణయించే పరిస్థితిలో అలాంటప్పుడు ఎవరూ ఉండరు. చట్టాలు చేసేవాళ్లకు కూడా ఇది తెలుసు. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన ఫ్యూనరల్ రూల్ 1984లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం విడివిడిగా ధరల పట్టిక చేతికివ్వాలి, ఫోన్లో అడిగినా ధర చెప్పాలి, చట్టం కోరని చోట ఎంబామింగ్ తప్పనిసరి అని చెప్పకూడదు, ఎంచుకున్నవాటికి విడివిడిగా లెక్క రాసివ్వాలి. బ్రిటన్‌లో 2021 నుంచి ధరల పట్టిక అందరికీ కనిపించేలా పెట్టాలన్న ఆదేశం ఉంది. దుఃఖంలో ఉన్న మనిషి గట్టిగా అడిగి, బేరమాడి, సరిచూసుకోలేడన్న సంగతి తెలిసే ప్రభుత్వాలు ఆ బాధ్యతను వ్యాపారం చేసేవాళ్ల మీద పెట్టాయి. మీరు దాన్ని మళ్లీ మీ నెత్తిన పెట్టుకుంటున్నారు.

ఇంకొకటి కూడా ఉంది. జరిగిపోయాక చూస్తే అన్నీ ముందే తెలియాల్సినట్టు కనిపిస్తాయి. ఫలితం తెలిసిన మనిషికి, అది ముందే ఊహించగలిగేవాణ్ణే అనిపిస్తుందని బారూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో ప్రయోగాలు చేసి చూపించారు. "ఫోన్లో ఆవిడ గొంతు విసుగ్గా ఉంది, అప్పుడే అర్థం చేసుకోవాల్సింది" అని రాశారు కదా. ఆ రోజు అంతా సవ్యంగా జరిగి ఉంటే ఆ విసుగు గొంతు ఈపాటికి మీకు గుర్తు కూడా ఉండేది కాదు.

ఆ ముఖమే ఎందుకు గుర్తొస్తోంది, అసలు ముఖం ఎప్పటికైనా వస్తుందా అన్నది మీ ప్రశ్నల్లో అన్నిటికంటే బరువైనది. వస్తుంది. మన జ్ఞాపకం అన్ని క్షణాలకూ ఒకే విలువ ఇవ్వదు. బాగా తీవ్రంగా అనిపించిన క్షణానికి, ఆఖరి క్షణానికి ఎక్కువ చోటిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు 1993లో ఒక ప్రయోగం చేశారు. ఒకసారి 14 డిగ్రీల చల్లని నీళ్లలో 60 సెకన్లు చెయ్యి పెట్టించారు. ఇంకోసారి అదే 60 సెకన్ల తర్వాత మరో 30 సెకన్లు, నీటిని 15 డిగ్రీల దాకా కాస్త వేడెక్కిస్తూ ఉంచారు. ఏది మళ్లీ చేస్తారంటే ఎక్కువమంది రెండోదే ఎంచుకున్నారు. బాధ ఎక్కువసేపు పడ్డా, ముగింపు కాస్త మెరుగ్గా ఉండటంతో అదే నయమనిపించింది. మీ విషయంలో దీనికి తిరగబడి జరిగింది. ఇన్నేళ్ల నాన్న ఒక పక్కన ఉంటే, ఆఖరి అరగంట వచ్చి ముందు నిలబడింది. ఆ పాత జ్ఞాపకాలు ఎక్కడికీ పోలేదు.

ఆ రోజు చూసిన ముఖం గుర్తు రాకూడదని మనసుతో పోట్లాడకండి. తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని చెప్పినప్పుడు మనుషులకు అదే పదేపదే గుర్తొచ్చిందని డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో చేసిన ప్రయోగం ఒకటుంది. నేను చెప్పేది వేరే. ఆ ముఖం వచ్చినప్పుడు రానివ్వండి, ఆ రోజు మిమ్మల్ని చేయనివ్వని పనులు మనసులో చేయండి. భయంకరమైన దృశ్యాలు వదలకుండా వెంటాడేవాళ్లతో మనస్తత్వ నిపుణులు చేయించే సాధన ఇది. వినడానికి పిచ్చిగా ఉంటుందేమో గానీ పనిచేస్తుంది.

ఎలాగో చెబుతాను. ఒకావిడ తన తల్లి విషయంలో నా దగ్గరికి వచ్చారు. అమ్మ జీవితమంతా పాపిట ఎడమ పక్కకు తీసుకుంది. అక్కడ జుట్టంతా వెనక్కి దువ్వి, నుదురంతా బయటపెట్టి పడుకోబెట్టారు. ఆవిడకు ఆ నుదురే కనిపించేది. ఒక రోజు అమ్మ దువ్వెన తెమ్మన్నాను. పళ్ల మధ్య ఇంకా రెండు నెరిసిన వెంట్రుకలు ఉన్నాయి. దాన్ని చేతిలో పట్టుకుని, కళ్లు మూసుకుని, ఏం చేస్తున్నారో నాకు పైకి చెప్పమన్నాను. "ముందు నీళ్లు అద్దుతున్నాను. దువ్వెన కొసతో గీత తీస్తున్నాను. సరిగ్గా రాలేదు, మళ్లీ తీస్తున్నాను. ఈ పక్క జుట్టు చెవి మీదికి వస్తుంది…" అంటూ చెప్తూ చెప్తూ ఆగిపోయారు. అమ్మ చిన్నప్పుడు తనకు జడ వేస్తూ, కదలకుండా ఉండమని దువ్వెన వెనక వైపుతో నెత్తి మీద చిన్నగా కొట్టేదట. ఆ దెబ్బ గుర్తొచ్చింది. కొన్నేళ్లుగా తలపుకు రాని జ్ఞాపకం. ఆవిడ దాదాపు రోజూ కొన్నాళ్లు అలా చేశారు. నుదురు కనిపించడం పూర్తిగా పోలేదు. కానీ దాని వెనకే దువ్వెన కూడా రావడం మొదలైంది.

మీరు కళ్లజోడుతో మొదలుపెట్టండి. అది ఇంట్లోనే ఉందన్నారు. చేతిలోకి తీసుకుని, అద్దాలు తుడిచి, కాడలు విప్పి, మనసులో ఆయనకు పెట్టండి. మధ్యలో భరించలేనంత అయితే కళ్లు తెరిచి ఆపేయండి. ఒంటరిగా ఉన్నప్పుడు కాకుండా, పక్క గదిలో అయినా ఎవరో ఒకరు ఉన్నప్పుడు చేయండి.

ఫొటోల విషయంలో చిన్న సలహా. ఫ్రేము కట్టించే ఫొటోలు, కెమెరా వైపు బిగుసుకుని చూసేవి ఇప్పుడు అంతగా ఉపయోగపడవు, అవీ నిశ్చలంగానే ఉంటాయి కదా. ఆయన కదులుతున్నవి, మాట్లాడుతున్నవి వెతకండి. ఎవరి పెళ్లి వీడియోలోనో వెనక నడిచి వెళ్తూ ఉండొచ్చు, ఫోన్లో వాయిస్ మెసేజ్ ఉండొచ్చు. బంధువుల్ని, ఆయన స్నేహితుల్ని అడగండి. కదలిక, గొంతు దొరికితే ముఖం త్వరగా దొరుకుతుంది.

వీడ్కోలు ఇంకోసారి చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దానికి గడువూ లేదు. పేరు సరిగ్గా వేసిన కార్డు అచ్చువేయించి, మీకు కావాల్సినవాళ్లని మాత్రమే పిలిచి, మీసంతో, కళ్లజోడుతో ఉన్న ఫొటో పెట్టి, ఎవరూ తొందరపెట్టని చోట కూర్చుని ఆయన గురించి మాట్లాడుకోండి. ఇది తూతూమంత్రం అనుకోకండి. మొదటి రోజున షాక్‌లో ఉండి ఎవరూ ఏమీ సరిగ్గా మాట్లాడలేరు. కొన్ని నెలల తర్వాత చేసుకున్నదే అసలైన వీడ్కోలుగా మిగిలిన కుటుంబాలను చాలా చూశాను.

ఇప్పుడు ఫిర్యాదు. చేయాలా అంటే, చేయాలి. మీ కోపం తీరుతుందని కాదు. గడియారం మీది, డబ్బు మీది, తర్వాత అక్కడికి వెళ్లేవాళ్లకైనా ఎవరో అడుగుతారు.

మొదట గడియారం. ఫ్యూనరల్ హోమ్‌ని అడిగేముందు ఆసుపత్రిలో కనుక్కోండి. ఐసీయూలో చేర్చేటప్పుడు ఒంటి మీది వస్తువులు తీసి, జాబితా రాసి, సంచిలో వేసి భద్రపరుస్తారు. ఆ సంచి అక్కడే ఉండిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అక్కడ లేకపోతే, శరీరాన్ని తీసుకున్నప్పుడు సంతకం చేసిన వస్తువుల జాబితా కాపీ ఫ్యూనరల్ హోమ్‌ని అడగండి. అందులో గడియారం ఉంటే బాధ్యత వాళ్లదే.

తర్వాత ఒక ఉత్తరం, ఒక్క పేజీ. మేనేజర్ పేరున రాయండి. ఫోన్లో మాట్లాడితే మీకు ఏడుపొస్తుంది, వాళ్లు సారీ చెప్పి పెట్టేస్తారు, చేతిలో ఏమీ మిగలదు. ఏ తేదీన ఏం జరిగిందో వరసగా, విశేషణాలు లేకుండా రాయండి. "దారుణంగా ప్రవర్తించారు" అని రాస్తే కాదంటారు. "మాకు ఇచ్చిన సమయం ఇంత, ఇంతకే బయటికి వెళ్లమన్నారు" అంటే కాదనలేరు. ఒప్పందం, బిల్లు పక్కపక్కన పెట్టుకుని, మీరు సంతకం చేయనివి ఏమేం వేశారో గుర్తించండి. చివర్లో మీకు ఏం కావాలో స్పష్టంగా అడగండి: గడియారం, అడగనివాటి డబ్బు వాపసు, కార్డుల ఖర్చు, రాతపూర్వకంగా క్షమాపణ. రెండు వారాల గడువు పెట్టండి. గడియారం తేలకముందు "అన్ని లెక్కలూ తీరిపోయాయి" అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

జవాబు రాకపోతే పైకి వెళ్లండి. ఎక్కడికి అన్నది చోటును బట్టి ఉంటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఫ్యూనరల్ డైరెక్టర్లకు లైసెన్సిచ్చే బోర్డులుంటాయి, ఫిర్యాదు అక్కడే. ధరల పట్టిక ఇవ్వకపోవడం లాంటివి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి చెప్పొచ్చు. అలా బోర్డు లేని చోట, ఆ సంస్థ సభ్యత్వం ఉన్న వృత్తి సంఘానికో, వినియోగదారుల విభాగానికో వెళ్లాలి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకు ద్వారా ఆ మొత్తం మీద అభ్యంతరం చెప్పడం ఇంకో దారి. ఆన్‌లైన్‌లో రివ్యూ రాయాలనిపిస్తే ఇదంతా అయ్యాక, జరిగినది జరిగినట్టు మాత్రమే రాయండి.

వీటన్నిటికీ వారంలో ఒక పూట కేటాయించండి. ఆ కాగితాలన్నీ ఒకే కవర్లో పెట్టి, ఆ పూట తప్ప తెరవకండి. నేను అంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. క్షమాపణ రాకపోవచ్చు. వచ్చినా లాయరు దిద్దిన రెండు ముక్కలు కావచ్చు. ఆ రోజు అక్కడున్న మనిషి ఉద్యోగం మానేసి కూడా ఉండొచ్చు. అందుకే ఫిర్యాదు దాని దారిన అది నడవాలి, మీరు మీ దారిన.

ఆ ఉత్తరంలో పట్టని మాటలు ఉంటాయి కదా, వాటికి వేరే కాగితం తీసుకోండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, పంపకండి. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో విద్యార్థుల చేత రోజుకు 15 నిమిషాల చొప్పున వరసగా నాలుగు రోజులు, మనసును గాయపరిచిన సంఘటనల గురించి రాయించారు. రాసిన వెంటనే వాళ్లకు బాధ ఎక్కువైంది, తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. మీకు కూడా రాసిన పూట మనసు బరువెక్కవచ్చు, నిద్రకు ముందు మాత్రం రాయకండి. అవతలివాళ్లను ఉద్దేశించి మొదలుపెట్టండి. కాసేపటికి అది నాన్నకు రాస్తున్న ఉత్తరంగా మారితే మారనివ్వండి.

అన్నయ్య మీద అలిగినట్టున్నారు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పినదాన్ని బట్టి, దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపులకూ ఊగుతూ ఉంటాడు. కొంతసేపు పోయినదాని వైపు, కొంతసేపు ఇక బతకాల్సిన జీవితం వైపు. మీరు మొదటి వైపు ఉన్న పూట ఆయన రెండో వైపు ఉన్నారు. "వదిలెయ్" అన్న మాట మీకు చెప్పినట్టే ఉన్నా, అందులో తనకు తాను చెప్పుకునేది కూడా ఉంటుంది. జరిగింది ఘోరమని ఆయన చేత ఒప్పించే ప్రయత్నం మానేసి, ఒక పని అడిగి చూడండి. ఆసుపత్రికి వెళ్లి గడియారం సంగతి కనుక్కోమనండి. మాటల్లో తేలనివాళ్లు పనిలో కలిసివస్తారు.

మూడు నెలలకు ఇలా ఉండటం జబ్బు కాదు. దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అని నిర్ధారించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ కనీసం 6 నెలలు అంటుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి 2022 నాటి మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం పెద్దవాళ్ల విషయంలో 12 నెలలు అంటుంది. అయితే సాయం అడగడానికి అంతకాలం ఆగనక్కర్లేదు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, ఆ గది, ఆ వాసన ఇప్పుడే జరుగుతున్నట్టు మీద పడుతున్నా, పని చేసుకోలేకపోతున్నా కౌన్సెలర్‌నో డాక్టరునో వెళ్లి కలవండి. బతకాలనిపించకపోతే మాత్రం ఆ రోజే ఎవరికైనా చెప్పి, వాళ్లను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. కౌన్సెలర్లు సాధారణంగా జబ్బు గురించి, మరణం గురించి, మీ ఇద్దరి మధ్య అనుబంధం గురించి అడుగుతారు. మరణం తర్వాతి వారం ఎలా గడిచిందని అడిగేవాళ్లు తక్కువ. కాబట్టి మొదటి రోజే మీరే ఎత్తండి: "నాన్న పోవడంతో పాటు, ఫ్యూనరల్ హోమ్‌లో జరిగింది కూడా మాట్లాడాలి" అని.